గో, వెంట్, గాన్: బట్టీ పట్టినా నోటికి ఎందుకు రావు?

అడిగిన ప్రశ్న ఇది: "బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. వి1, వి2, వి3 (గో, వెంట్, గాన్) పట్టిక మొత్తం బట్టీ పట్టాను. రాయమంటే తప్పు లేకుండా రాస్తాను. మాట్లాడేటప్పుడు మాత్రం 'ఐ డిడ్ నాట్ వెంట్', 'ఐ హావ్ సా' అని వచ్చేస్తున్నాయి. ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్. ఈ ఇర్రెగ్యులర్ వెర్బ్స్‌కి అసలు ఏదైనా రూల్ ఉందా, లేక బట్టీయే దిక్కా?"

నేను ఇరవై ఎనిమిదేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. మీరు అడిగిన రెండు తప్పులూ నేను కొన్ని వేల సార్లు విన్నవే. అయితే అవి రెండూ ఒకటే జబ్బు కాదు. 'హావ్ సా' అనేది వి3 చెవికి అలవాటు కాకపోవడం వల్ల వస్తుంది. 'డిడ్ నాట్ వెంట్' వచ్చేది మీకు వెంట్ బాగా వచ్చు కాబట్టి. పట్టిక ఇంకో వందసార్లు చదివితే అది ఇంకా ముదురుతుంది.

ముందు దాని సంగతి చూద్దాం. పదో తరగతిలో ఒకమ్మాయి ఉండేది, చురుకైన పిల్ల. ఒక సోమవారం హాజరు తీసుకుంటుంటే లేచి, "టీచర్, ఐ డిడ్ నాట్ కేమ్ ఆన్ సాటర్‌డే" అంది. తప్పు అనకుండా, అదే మాట తెలుగులో చెప్పమన్నాను.

"శనివారం నేను రాలేదు టీచర్."

"వచ్చానులేదు అని ఎందుకు అనలేదు?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం నవ్వకుండా నిలబడి ఆలోచించింది. "వచ్చాను అంటే వచ్చేసినట్టే కదా టీచర్. పక్కన లేదు ఎలా పెడతాం?" అంది. నేను బోర్డు మీద రెండు వరుసలు రాశాను. పైన 'రా + లేదు', దాని కింద 'కమ్ + డిడ్ నాట్'. చాక్‌పీసు కింద పెట్టేలోపే వెనక బెంచీల నుంచి "ఓ..." అని వినిపించింది.

ఇదే మీరూ చేసి చూడండి. వెళ్ళాను, కానీ వెళ్ళలేదు. తిన్నాను, కానీ తినలేదు. చూశాను, కానీ చూడలేదు. జరిగిపోయిన పనిని కాదనేటప్పుడు తెలుగులో కూడా క్రియ తన భూతకాలపు రూపాన్ని వదిలేస్తుంది. 'చూశా' పోయి 'చూడ' మిగులుతుంది, కాలం సంగతి 'లేదు' చూసుకుంటుంది. ఇంగ్లీషులో ఆ 'లేదు' పని చేసేది డిడ్ నాట్. కాబట్టి డిడ్ నాట్ సీ, డిడ్ నాట్ ఈట్, డిడ్ నాట్ గో. ఈ పద్ధతి మనకు పుట్టుకతోనే వచ్చు. రాలేదు అని మనసులో వినపడగానే డిడ్ నాట్ కమ్ అనేయడమే.

ప్రశ్న దగ్గర మాత్రం తెలుగు ఇలా సాయం చేయదు. 'వెళ్ళావా?' అన్నప్పుడు మనం వెళ్ళా- అనే భూతకాల రూపాన్నే ఉంచి చివర ఆ చేరుస్తాం. అందుకే 'డిడ్ యు వెంట్?' అనే తప్పు 'డిడ్ నాట్ వెంట్' కన్నా మొండిది. పోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. దానికి ప్రత్యేకంగా, గట్టిగా పైకి అంటూ సాధన చేయాల్సిందే.

ఇక ఒక్క మాట గుర్తుంచుకుంటే మీ తప్పులు రెండూ కలిసి పోతాయి. వి2 ఎప్పుడూ ఒంటరిగా ఉంటుంది. పక్కన ఇంకో సహాయక క్రియను రానివ్వదు. ఐ వెంట్, ఐ సా, ఐ కేమ్, అంతే. డిడ్ వచ్చిందంటే వి1 రావాలి. హావ్, హాజ్, హాడ్ వచ్చాయంటే వి3 రావాలి. ఈజ్, వజ్ లాంటివి వస్తే వి3 గానీ -ఇంగ్ రూపం గానీ రావాలి. వి2కి ఈ రెండు చోట్లా పనిలేదు. దీనికి తిరుగుడు కూడా నిజమే. వి3 ఒంటరిగా ప్రధాన క్రియగా నిలబడలేదు, కాబట్టి 'ఐ సీన్ ఇట్', 'ఐ డన్ ఇట్' అనకూడదు. వజ్, వర్ మాత్రం డిడ్‌ను అసలు పిలవవు, నేరుగా నాట్ పెట్టుకుంటాయి: ఐ వజ్ నాట్.

ఇప్పుడు వి3. ఇది రాదని అందరూ బాధపడతారు గానీ, మీరు రోజూ తెలుగు మాట్లాడుతూనే డజను వి3లు వాడుతున్నారు. రిటెన్ టెస్ట్ అంటారు. ఎప్పుడైనా రోట్ టెస్ట్ అన్నారా? స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు అంటారు, స్పోక్ ఇంగ్లీష్ అని ఏ బోర్డు మీదా ఉండదు. అన్‌నోన్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది అంటారు, అన్‌న్యూ నంబర్ అనరు. రెడీమేడ్ బట్టలు, హిడెన్ కెమెరా, న్యూబార్న్ బేబీ, టికెట్లు సోల్డ్ అవుట్. ఇవన్నీ వి3లే. చదువు రాని మా పక్కింటి పెద్దావిడ కూడా రెడీమేడ్ జాకెట్టు అంటుంది. ఆవిడకు మేక్–మేడ్–మేడ్ ఎవరూ అప్పజెప్పించలేదు. మాట వస్తువుతో కలిసి వినపడింది, నోట్లో కూర్చుంది.

తెలుగులో దీనికి సరిపోయేది '-ఇన' రూపం. విరిగిన కుర్చీ, రాసిన పరీక్ష, దొంగిలించిన బండి, గడ్డకట్టిన నీళ్లు. బ్రోకెన్ చైర్, రిటెన్ టెస్ట్, స్టోలెన్ బైక్, ఫ్రోజెన్ వాటర్. ఏ క్రియకైనా వి3 గుర్తు రాకపోతే దాన్ని ఒక వస్తువు ముందు పెట్టి అనండి, చాలాసార్లు నాలుకే చెప్పేస్తుంది. పోలీసుల తనిఖీల వార్తల్లో రోజూ వినే డ్రంకెన్ డ్రైవ్‌లోని డ్రంకెన్ కూడా పాత వి3యే. ఇప్పుడు హావ్ తర్వాత డ్రంక్ అనే అంటారు. పాత రూపం ఇలా పేరు ముందు మాత్రం బతికి ఉంది.

వి3 మాట వచ్చింది కాబట్టి, ఇంటర్వ్యూల్లో తరచూ దొర్లే ఇంకో తేడా కూడా చెప్పేస్తాను. "హావ్ యు ఎవర్ బీన్ టు చెన్నై?" అని అడిగితే చాలామంది "యెస్, ఐ హావ్ గాన్ టు చెన్నై" అంటారు. హీ హాజ్ గాన్ టు చెన్నై అంటే చెన్నై వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు అని. మీరేమో ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు! మీరు చెప్పాలనుకున్నది 'వెళ్ళొచ్చాను'. వెళ్ళొచ్చాను అంటే హావ్ బీన్ టు. ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాలు అర పేజీ వివరించే తేడాను మన 'వెళ్ళొచ్చాను' ఒక్క మాటలో పట్టుకుంది.

రూల్ ఉందా అని అడిగారు కదా. ఉంది. ఒకప్పుడు గట్టి రూల్సే ఉండేవి. ఇప్పుడు మిగిలినవి వాటి ముక్కలు. ఆ ముక్కలు ఏవో తెలిస్తే నేర్చుకునే పద్ధతే మారిపోతుంది, కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను.

వెయ్యేళ్ల నాటి ఇంగ్లీషులో ఈ క్రియల్లో చాలావరకు ఏడు తరగతులుగా ఉండేవి. లోపలి అచ్చు మారడమే కాలానికి గుర్తు. సింగ్–స్యాంగ్–సంగ్ అందులో ఒక తరగతి, డ్రైవ్–డ్రోవ్–డ్రివెన్ ఇంకొకటి. జర్మన్ భాషలో ఇప్పటికీ 'పాడు'కు జింగెన్–జాంగ్–గెజుంగెన్ అంటారు, అదే వరస. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో యాకబ్ గ్రిమ్ వీటికి 'బలమైన క్రియలు' అని పేరు పెట్టాడు. బయటి నుంచి -ఎడ్ అనే ఊతకర్ర లేకుండా తమలో తామే మారగలవు కాబట్టి.

ఈ అచ్చు మార్పు మనకు కొత్తేమీ కాదు, సంస్కృతం ద్వారా తెలుగులోకి వచ్చిన మాటల్లో ఎన్నోసార్లు చూశాం. లిఖితం, లేఖ. బుద్ధి, బోధ. యుక్తి, యోగం. ధాతువు ఒకటే, లోపలి అచ్చు మారింది. సంస్కృతంలో దీన్ని గుణం అంటారు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు క్రియాధాతువుల్లోనూ వ్యాకరణ రూపాల్లోనూ పోలిక ఉందని, ఇవి ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పాడు. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబంలోదే. ఇంగ్లీషులో అన్నిటికన్నా వంకర క్రియ 'బీ' కదా, ఆమ్, ఈజ్, వజ్, బీన్ అని ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటాయి. అవి నిజంగానే వేర్వేరు ధాతువులు, కాలక్రమంలో ఒకే క్రియగా కలిసిపోయాయి. ఆ ధాతువులు మూడూ మనకు చుట్టాలే. ఆమ్, ఈజ్‌ల చుట్టాలు సంస్కృతంలో అస్మి, అస్తి. ఆస్తికుడు, నాస్తికుడు అనే మాటల్లో ఉన్నది ఆ అస్తే. బీ, బీన్‌లకు చుట్టం 'భూ' ధాతువు. భవిష్యత్తు అందులోంచే వచ్చింది, మనం పాస్ట్ టెన్స్‌ను పిలుచుకునే భూతకాలం కూడా అందులోంచే వచ్చింది. వజ్‌కు చుట్టం 'వస్'. వసతి గృహం అన్నప్పుడల్లా మనం ఆ ధాతువునే పలుకుతున్నాం. నేను ఈ సంగతి మొదటిసారి తెలుసుకున్న రోజు, ఇన్నేళ్లు పిల్లలకు ఇది చెప్పకుండా పాఠం ముగించానే అని నిజంగా బాధపడ్డాను.

తెలుగు కుటుంబం వేరు. 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే అధికారి, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో చుట్టరికం ఉన్న భాష అని చూపించాడు. మన క్రియల్లో కాలం ప్రత్యయంలో ఉంటుంది. అడుగు–అడిగాను, కలుపు–కలిపాను అన్నప్పుడు లోపలి ఉకారం ఇకారమవుతుంది గానీ అది వెనక వచ్చే ప్రత్యయం ప్రభావం. అందుకే స్యాంగ్ విన్నప్పుడు 'కాలం గుర్తు ఎక్కడ?' అని మన బుర్ర మాట చివర వెతుకుతుంది. గుర్తు మాట మధ్యలో ఉంది.

అలాగని మన భాషలో మొండి క్రియలు లేవా అంటే బోలెడు ఉన్నాయి. వచ్చాను, వస్తాను, రాలేదు, రా. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ నాలుగూ ఒకే క్రియ అని నమ్మించడం కష్టం. ఇచ్చాను–ఇవ్వలేదు, తెచ్చాను–తేలేదు, ఉన్నాను–లేను. మనం వీటిని పట్టిక వేసి చదవలేదు. రోజుకు వందసార్లు వింటాం కాబట్టి వచ్చేశాయి. మొండితనం రోజూ వాడే క్రియల్లోనే నిలుస్తుంది, అన్ని భాషల్లోనూ ఇది కనపడుతుంది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే పది క్రియలు బీ, హావ్, డూ, సే, గో, గెట్, మేక్, సీ, కమ్, టేక్. పదికి పదీ ఇర్రెగ్యులరే. అంతకన్నా తక్కువగా వాడే క్రియ అయితే, దాని పాత రూపం మరిచిపోయి జనం -ఎడ్ తగిలించేస్తారు. హెల్ప్ భూతకాలం ఒకప్పుడు హోల్ప్, క్లైమ్‌ది క్లోమ్. రెండూ పోయాయి. 2007లో నేచర్ పత్రికలో హార్వర్డ్ పరిశోధకులు లెక్కవేసి చూపించారు. పాత ఇంగ్లీషు నుంచి వాళ్లు తీసుకున్న 177 ఇర్రెగ్యులర్ క్రియల్లో మధ్యయుగపు ఇంగ్లీషు నాటికి 145 మిగిలాయి, ఇప్పుడు 98. వంద రెట్లు తక్కువ వాడే క్రియ పది రెట్లు వేగంగా -ఎడ్ వైపు జారిపోతుందని వాళ్ల లెక్క.

కొత్త క్రియలైతే నేరుగా -ఎడ్ లోకే వెళ్తాయి: గూగుల్డ్, టెక్స్‌టెడ్. మనం గూగుల్ చేశాను, ఫోన్ చేశాను అని 'చేయు' తగిలించినట్టే. కాబట్టి తెలియని క్రియ ఎదురైతే భయపడకుండా -ఎడ్ పెట్టండి, దాదాపు ఎప్పుడూ అదే సరైనది. డిక్షనరీలో క్రియ పక్కన వేరే రూపాలు ఇవ్వకపోతే దాని అర్థం కూడా అదే.

గో–వెంట్ కథ మాత్రం వేరు. వెంట్ అసలు గోది కాదు. వెండ్ అనే ఇంకో క్రియ ఉండేది, మళ్ళు, సాగు అనే అర్థంలో. సెండ్–సెంట్ లాగే వెండ్–వెంట్. గోకు ఉన్న పాత భూతకాల రూపం అరిగి మాయమైపోతే, వెండ్ దగ్గరి వెంట్‌ను తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు.

ఇప్పుడు పనికి వద్దాం. గైడ్ల వెనక ఇచ్చే పట్టిక ఏ, బి, సి వరసలో ఉంటుంది. నా అనుభవంలో చదువుకు అంత అడ్డం వచ్చే పట్టిక ఇంకోటి లేదు. కీప్ ఒక పేజీలో, స్లీప్ ఇంకో పేజీలో, వీప్ ఇంకెక్కడో. తోబుట్టువులను విడదీసి, బిగిన్ పక్కన బెండ్‌ను కూర్చోబెడుతుంది. నేను పిల్లలతో ఆ పట్టికను జిరాక్స్ తీయించి, కత్తెరతో ఒక్కో క్రియ ఒక్కో చీటీగా కత్తిరించి, నేల మీద పరిచి, చెవికి ఒకేలా వినపడేవాటిని కుప్పలు పెట్టమనేదాన్ని. మీరూ ఒక ఆదివారం పూట చేయండి. ఇంకో మాట, పలుకుబడిని తెలుగు లిపిలో రాసుకోండి. తప్పని కొందరు అంటారు గానీ, ఈ పనికి మన లిపి చాలా గొప్పది. దీర్ఘమో హ్రస్వమో కళ్ల ముందు పెడుతుంది.

చూడండి. కీప్–కెప్ట్, స్లీప్–స్లెప్ట్, వీప్–వెప్ట్, స్వీప్–స్వెప్ట్, ఫీల్–ఫెల్ట్, డీల్–డెల్ట్, మీన్–మెంట్, లీవ్–లెఫ్ట్. ఈ అనే దీర్ఘం ఎ అనే హ్రస్వం అయ్యింది, చివర ట్ చేరింది. చివర రెండు హల్లులు కలిసినచోట దీర్ఘం కురచ కావడం పాత ఇంగ్లీషు ఉచ్చారణలో జరిగిన మార్పు. మీట్–మెట్, ఫీడ్–ఫెడ్, లీడ్–లెడ్, బ్లీడ్–బ్లెడ్ కూడా ఇందులోవే, చివర అప్పటికే ట్ లేదా డ్ ఉంది కాబట్టి కొత్తది చేరినట్టు కనపడదు. రీడ్–రెడ్ కూడా ఇదే. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో రెండూ ఒకేలా ఉంటాయి, తెలుగులో రాస్తే గుట్టు బయటపడుతుంది. ఈ ఒక్క కుప్పలోనే పదిహేను క్రియలు పోగవుతాయి, వి2, వి3 రెండూ ఒకటే.

కట్, పుట్, హిట్, షట్, సెట్, లెట్, హర్ట్, కాస్ట్, స్ప్రెడ్, బర్స్ట్, స్ప్లిట్. ఇవి మూడు చోట్లా మారవు. ఒక్కటి గమనించారా? అన్నీ ట్‌తోనో డ్‌తోనో ముగుస్తాయి. అలా ముగియని క్రియ ఏదీ ఈ కుప్పలో ఉండదు. దీనికి తిరుగుడు మాత్రం నిజం కాదు, వాంట్, ఎండ్ లాంటివి -ఎడ్ తీసుకుంటాయి.

ఇ–యా–అ కుప్ప నాకు చాలా ఇష్టం. సింగ్–స్యాంగ్–సంగ్, రింగ్–ర్యాంగ్–రంగ్, డ్రింక్–డ్ర్యాంక్–డ్రంక్, సింక్–స్యాంక్–సంక్, బిగిన్–బిగ్యాన్–బిగన్. లోపల న్, మ్, ఙ లాంటి ముక్కుతో పలికే హల్లు ఉంటుంది. దీనికి చెల్లెలు లాంటి కుప్ప, మధ్యది వదిలేసి రెండు మెట్లే ఎక్కేది: స్వింగ్–స్వంగ్, స్టింగ్–స్టంగ్, విన్–వన్, స్టిక్–స్టక్, డిగ్–డగ్. ఇంత వినపడ్డాక బ్రింగ్‌ను కూడా ఇందులోకి లాగాలనిపిస్తుంది. లాగకండి, అది ఆట్ కుప్పలోది: బ్రింగ్–బ్రాట్, థింక్–థాట్, బై–బాట్, టీచ్–టాట్, క్యాచ్–కాట్. క్యాచ్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. వచ్చాక ఈ ఇంటి ఆచారం పట్టుకుంది. జనం చెవి ఎంత బలమైనదంటే, అమెరికాలో స్నీక్ అనే మామూలు -ఎడ్ క్రియకు స్నక్ అనే కొత్త మొండి రూపాన్ని పుట్టించింది.

మిగిలిన కుప్పలు మీరే కట్టగలరు. దారి చూపించడానికి ఒక్కో పెద్దను చెబుతాను. స్పీక్–స్పోక్–స్పోకెన్ వెనక బ్రేక్, స్టీల్, ఫ్రీజ్, చూజ్ వస్తాయి. రైట్–రోట్–రిటెన్ వెనక డ్రైవ్, రైడ్, రైజ్. నో–న్యూ–నోన్ వెనక గ్రో, బ్లో, త్రో, ఫ్లై. ఫైండ్–ఫౌండ్ వెనక బైండ్, గ్రైండ్. సెండ్–సెంట్ వెనక లెండ్, స్పెండ్, బిల్డ్. సెల్, టెల్ జంట. టేక్, షేక్ జంట. సే–సెడ్‌ను మాత్రం స్పెల్లింగ్ చూసి సేడ్ అనకండి. ముందు ఉపసర్గ లాంటిది తగిలినా లోపలి క్రియ తన వరస మార్చుకోదు: స్టాండ్–స్టుడ్ కాబట్టి అండర్‌స్టాండ్–అండర్‌స్టుడ్, కమ్–కేమ్ కాబట్టి ఓవర్‌కమ్–ఓవర్‌కేమ్. వెల్‌కమ్ ఒక్కటి జాగ్రత్త, అది వెల్‌కమ్డ్.

కొన్ని జంటల దగ్గర ఇంగ్లీషు వాళ్లే తడబడతారు. అక్కడ తెలుగు దారి చూపిస్తుంది. మనకు లేచు, లేపు వేర్వేరు. తానే లేస్తే రైజ్–రోజ్–రిజెన్, ఇంకోదాన్ని లేపితే రెయిజ్–రెయిజ్డ్. పలుకుబడిలో మొదటిది రైజ్ అని, రెండోది రెయిజ్ అని వినిపిస్తుంది. తాను పడుకుంటే లై–లే–లేన్, వస్తువును పడుకోబెడితే లే–లెయిడ్–లెయిడ్. తాను పడితే ఫాల్–ఫెల్–ఫాలెన్, చెట్టును పడగొడితే ఫెల్–ఫెల్డ్. పని తనంతట తాను జరిగే క్రియ పాత మొండి రూపాన్ని ఉంచుకుంటుంది, జరిపించే క్రియ ఎక్కువగా -ఎడ్ వైపు ఉంటుంది. హ్యాంగ్ సంగతి కూడా ఒక మాట. బట్టలు, ఫొటోలు అయితే హంగ్. ఉరిశిక్ష అయితే హ్యాంగ్డ్. కోర్టు భాష పాత రూపాన్ని అలాగే కాపాడుకుంది.

బర్న్‌ట్ రాయాలా, బర్న్‌డ్ రాయాలా అని మీలాంటివాళ్లు చాలామంది అడుగుతారు. రెండూ సరే. బర్న్‌ట్, లెర్న్‌ట్ బ్రిటిష్ వాడుక, బర్న్‌డ్, లెర్న్‌డ్ అమెరికాలో మామూలు. గెట్ వి3గా అమెరికా వాళ్లు గాటెన్ అంటారు, బ్రిటన్ వాళ్లు గాట్. దీని మీద సమయం పెట్టకండి.

సాధన ఎలా చేయాలంటే, చీటీల కుప్పలు సర్దాక ఒక్క క్రియను కూడా ఒంటరిగా అప్పజెప్పకండి. గో, వెంట్, గాన్ అని వరసగా పాడితే అది పాటగానే ఉండిపోతుంది, మాట్లాడేటప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో చెప్పదు. ఒక్కో క్రియకు మూడు వాక్యాలు కట్టండి: "ఐ వెంట్. ఐ డిడ్‌ంట్ గో. ఐ హావ్ నెవర్ గాన్ దేర్ అలోన్." "ఐ సా ఇట్. ఐ డిడ్‌ంట్ సీ ఇట్. ఐ హావ్ సీన్ ఇట్." వి2 ఒంటరిగా, వి1 డిడ్ వెనక, వి3 హావ్ వెనక. చివర నాలుగోదిగా "డిడ్ యు గో?" చేర్చండి, ఎందుకంటే అది మొండిదని చెప్పాను కదా. పైకి వినపడేలా అనాలి, మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. ముందు ఎక్కువగా వాడతారని చెప్పిన ఆ పది క్రియలతోనే మొదలుపెట్టండి. అవి పూర్తిగా నోటికి రాకముందు స్ట్రైవ్, స్మైట్ లాంటివాటి జోలికి వెళ్లొద్దు.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగినవి ఐదు చెప్పుకోండి, జరగనివి రెండు చెప్పుకోండి. "ఐ వోక్ అప్ లేట్. ఐ డిడ్‌ంట్ ఈట్ టిఫిన్." మీ జీవితంలోని మాటలే ఉండాలి. నా విద్యార్థుల్లో బస్సులో కాలేజీకి వెళ్ళే ఒకబ్బాయి, కిటికీలోంచి కనపడ్డవన్నీ గొణుక్కుంటూ వెళ్ళేవాడు: "ఎ మ్యాన్ సోల్డ్ జామకాయలు. ఎ డాగ్ ర్యాన్." జామకాయలకు ఇంగ్లీషు గుర్తు రాకపోతే తెలుగులోనే పెట్టేసేవాడు. దాని వల్ల ఏ నష్టమూ లేదు, అతను నేర్చుకుంటున్నది సోల్డ్.

చివరగా ఆ టెన్షన్ గురించి. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగే పిల్లలు కూడా ముందు వెంట్ అంటారు, తర్వాత -ఎడ్ రూల్ పట్టుబడగానే గోడ్ అనడం మొదలుపెడతారు, మళ్ళీ కొన్నాళ్లకు వెంట్‌కు వస్తారు. మధ్యలో వచ్చే ఆ తప్పు రూల్ వంటబడుతోందనడానికి గుర్తు. మీ 'డిడ్ నాట్ వెంట్' కూడా అలాంటి మధ్య మెట్టే. ఇంటర్వ్యూలో నోరు జారితే ఆగి, తల దించుకోకుండా, "సారీ, ఐ డిడ్‌ంట్ గో" అని సరిచేసుకుని ముందుకు వెళ్ళండి. నేను బడిలో పిల్లల మాట విని మార్కులు వేసేటప్పుడు, తన తప్పును తానే పట్టుకుని దిద్దుకున్న పిల్లకు ఎప్పుడూ ఒక మార్కు ఎక్కువే వేశాను.